చిన్న బండి, పెద్ద లెక్క

పికప్ నడిపేవారికి కావలసింది ఖాళీగా నిలబడని బండి. కరెంటు వాహనాలు నెగ్గాల్సిన పరీక్ష కూడా అదే.

తెల్లవారుజామున మూడున్నర. సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో బొలెరోలు, టాటా ఏస్‌లు, దోస్త్‌లు వరసగా వెనక్కి తిరిగి నిలబడతాయి. హమాలీలు టమాటా పెట్టెలు, ఉల్లి బస్తాలు ఎక్కిస్తుంటే పక్కన నిలబడ్డ డ్రైవరు చూపు సరుకు మీద కన్నా వెనక చక్రాల మీదే ఎక్కువగా ఉంటుంది. కమాన్ పట్టీలు ఎంత వంగాయి? ఇంకో నాలుగు పెట్టెలు పడతాయా? పడితే కిరాయి నాలుగు రాళ్లు పెరుగుతుంది. పట్టీ విరిగితే వారం సంపాదన మెకానిక్ చేతిలో పెట్టాల్సి వస్తుంది.

ఎనిమిది గంటలకల్లా సరుకు దించేసిన తర్వాత అసలు ఎదురుచూపు మొదలవుతుంది. అడ్డా మీద మరో కిరాయి దొరికితే ఆ రోజు గట్టెక్కినట్టే. దొరక్కపోతే డీజిల్ ఖర్చు, టీ ఖర్చు పోను మిగిలేది అంతంత మాత్రం. నెల తిరిగేసరికి ఫైనాన్స్ కంపెనీ వాయిదా మాత్రం ఠంచనుగా వచ్చేస్తుంది. పికప్ డ్రైవరు తన బండి నుంచి ఏం కోరుకుంటాడన్న ప్రశ్నకు సమాధానం ఈ ఎదురుచూపులోనే ఉంది. పెద్ద టచ్‌స్క్రీన్, అలాయ్ చక్రాలు అతని జాబితాలో ఎక్కడో చివరన ఉంటాయి. పొద్దున లేచాక స్టార్ట్ కావాలి, చెప్పిన బరువు మోయాలి, దారిలో ఆగిపోకూడదు, ఆగినా దగ్గర్లో బాగుచేసేవాడు ఉండాలి. కంపెనీలు ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి విడుదల చేస్తున్న కరెంటు బండ్లను కూడా అతను ఇదే తక్కెడలో తూచి చూస్తున్నాడు.

పికప్ అంటే అమెరికాలో వేరు, ఇక్కడ వేరు. అక్కడ ఫోర్డ్ ఎఫ్-సిరీస్ నలభై ఏళ్లకు పైగా అత్యధికంగా అమ్ముడవుతున్న పికప్. వారంలో ఐదు రోజులు ఆఫీసుకు, ఆదివారం పడవను లాక్కుని సరస్సుకు వెళ్లే బండి కూడా అదే. అలాంటి సొగసును ఇక్కడ అమ్మాలని చూసినవారు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ఫ్యాక్టరీ తెరిచిన ఇసుజు అక్కడి నుంచే డీ-మాక్స్ వీ-క్రాస్‌ను తెచ్చింది. టయోటా 2022లో హైలక్స్‌ను దింపింది. రెంటికీ అభిమానులున్నారు గానీ, మన రోడ్ల మీద కనిపించే పికప్‌లలో వాటి వాటా స్వల్పం. ఇక్కడ పికప్ అంటే ఇంటి ముందు నిలబెట్టుకునే ముచ్చట కాదు. ఇంటిని నడిపే సాధనం.

జహీరాబాద్ నేర్పిన పాఠం

బండి ఎంత ఆధునికమైనదైనా ఆ లెక్కకు సరిపోకపోతే ఏమవుతుందో తెలుగు నేలకు నలభై ఏళ్ల కిందటే తెలుసు. 1980ల్లో జపాన్ కంపెనీలు భారతీయ సంస్థలతో కలిసి తేలికపాటి ట్రక్కుల తయారీకి దిగాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషితోపాటు హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. బండ్లు నాణ్యమైనవే. కానీ జపాన్ కరెన్సీ యెన్ విలువ పెరగడంతో దిగుమతి చేసుకునే విడిభాగాలు ఖరీదయ్యాయి. పాత మోటు లారీయే నయమని చాలామంది వాటికి దూరంగా ఉండిపోయారు. ఆల్విన్ నిస్సాన్ ఆ దశాబ్దం చివర్లో మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం టయోటా చరిత్రలో కలిసిపోయినా, తెలంగాణలో ఇప్పటికీ ఏ కంపెనీ మినీ లారీని చూసినా డీసీఎం అనే అంటారు. పేరు మిగిలింది, కంపెనీ మిగల్లేదు.

ఆ లెక్కను సరిగ్గా పట్టుకున్నది 2005 మేలో వచ్చిన టాటా ఏస్. సుమారు రూ.2.25 లక్షల ధర, 700 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, ముప్పావు టన్ను మోసే సామర్థ్యం. ఉత్తరాదిలో ఛోటా హాథీ అని ముద్దుపేరు పెట్టేశారు. పగటిపూట పెద్ద లారీలను రానివ్వని నగరాల్లో, ఇరుకు సందుల్లో అది దూరిపోయింది. మొత్తం బరువు మూడు టన్నులు దాటని సరుకు వాహనాలకు మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ అక్కర్లేకపోవడం మరో వెసులుబాటు.

బండి రూపకల్పనకు ముందు కంపెనీ ఇంజనీర్లు మూడు చక్రాల ట్రాలీ ఆటోలు నడిపేవారి దగ్గరికి వెళ్లి ఏం కావాలని అడిగారు. ధర, మైలేజీ, బరువు వంటి జవాబులు ఊహించినవే. కానీ పల్లెటూరి యువకుడొకరు నాలుగు చక్రాల బండి ఉంటే తనకు మంచి పెళ్లి సంబంధం వస్తుందన్నాడని కంపెనీ అధికారులు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. నవ్వు తెప్పించే ఈ మాటలో గట్టి నిజముంది. నాలుగో చక్రం అతణ్ని ఆటోవాలా నుంచి బండి ఓనర్‌గా మార్చేసింది. ఏస్ బండ్ల వెనక పిల్లల పేర్లు, ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడటానికి కారణం అదే. అది అతని ఆస్తి, హోదా కూడా.

అడ్డా మీద అడిగే ప్రశ్నలు

ఏస్ విజయం చూసి మిగతా కంపెనీలూ బరిలోకి దిగాయి. అశోక్ లేలాండ్ 2011లో దోస్త్‌ను, మహీంద్రా 2015లో జహీరాబాద్‌లో తయారైన జీతోను, మారుతి 2016లో సూపర్ క్యారీని తెచ్చాయి. టన్నున్నర ఆపైన మోసే తరగతిలో మహీంద్రా బొలెరో పికప్ తిరుగులేని స్థానం సంపాదించింది. ఎంపిక పెరిగిన కొద్దీ డ్రైవర్ల ప్రశ్నలూ పదునెక్కాయి.

మొదటి ప్రశ్న వెనక బాడీ పొడవు గురించే. కూరగాయలు, సిమెంటు, ఇనుము మోసేవారికి బరువు ముఖ్యం. పార్సిళ్లు, పరుపులు, ఖాళీ డబ్బాలు మోసేవారికి చోటు ముఖ్యం. కడియం నర్సరీల నుంచి మొక్కలు తీసుకెళ్లే బండికి, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు చేరవేసే బండికి ఒకే కొలత పనికిరాదు. అందుకే ఒకే మోడల్‌ను ఏడడుగుల నుంచి పదడుగుల దాకా రకరకాల పొడవుల్లో అమ్మాల్సి వస్తోంది.

రెండోది, కాగితం మీది బరువుకు, నిజంగా ఎక్కించే బరువుకు మధ్య తేడా. ముప్పావు టన్ను మోయాల్సిన బండి మీద టన్నుకు పైగా ఎక్కించడం ఈ వ్యాపారంలో రహస్యమేమీ కాదు. కిరాయి మాట్లాడుకునే వ్యాపారి టన్ను లెక్క చూడడు, ట్రిప్పు లెక్క చూస్తాడు. ఒప్పుకోని డ్రైవరు పక్కన ఒప్పుకునే మరొకరు సిద్ధంగా ఉంటారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం అధిక లోడుకు రూ.20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు మరో రూ.2,000. పట్టుబడితే ఆ రోజుతోపాటు ఆ నెల కూడా పోయినట్టే. గట్టి పట్టీలు, గట్టి యాక్సిల్ కోసం డ్రైవర్లు పట్టుబట్టడం వెనక ఈ బలవంతం ఉంది.

మూడోది మరమ్మతు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక పొగ తగ్గింది, గాలికి మేలు జరిగింది. కానీ ఇంజన్ చుట్టూ సెన్సర్లు పెరిగాయి. ఒకప్పుడు మండల కేంద్రంలోని మెకానిక్ స్పానర్‌తో సరిచేసిన లోపానికి ఇప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్లోని కంప్యూటర్ కావాలి. ఆ సెంటర్ జిల్లా కేంద్రంలో ఉంటే బండిని అక్కడిదాకా ఎలా తీసుకెళ్లాలన్నది మరో సమస్య. చిన్న డీజిల్ ఇంజన్ల ఖర్చు పెరగడంతో ఈ తరగతిలో పెట్రోలు, సీఎన్‌జీ బండ్ల జోరు పెరిగింది. సీఎన్‌జీ చవకే గానీ సిలిండర్లు చోటు, బరువు తింటాయి, బంకు దగ్గర క్యూ సమయం తింటుంది. డ్రైవరుకు సమయమంటే కిరాయే.

కరెంటు బండి కథ

ఈ వాతావరణంలోకి కరెంటు పికప్ వచ్చింది. టాటా 2022 మేలో ఏస్ ఈవీని ఆవిష్కరించింది. 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల సరుకు, ఒక్క ఛార్జింగ్‌తో 154 కిలోమీటర్లని కంపెనీ ప్రకటన. టన్ను మోసే రకం 2024లో వచ్చింది. మహీంద్రా అదే ఏడాది జియో పేరుతో తన బండిని దించింది. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రోను పెట్రోలు, సీఎన్‌జీ, కరెంటు రకాలు మూడింటిలోనూ అమ్మకానికి పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయిలర్ కంపెనీ టన్ను మోసే కరెంటు బండిని రూ.5.99 లక్షల ప్రారంభ ధరకు ప్రకటించింది.

నడపడంలో కరెంటు బండి సుఖాన్ని కాదనేవారు తక్కువ. క్లచ్ లేదు, గేర్లు లేవు. నగర ట్రాఫిక్‌లో రోజుకు కొన్ని వందల సార్లు ఎడమ కాలు తొక్కే బాధ తప్పుతుంది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్ వణుకు, రొద ఉండవు. నిలబడ్డ చోటు నుంచే మోటారు పూర్తి లాగుడు ఇస్తుంది కాబట్టి ఫ్లైఓవర్ మీద నిండు లోడుతో ఆగినా ఇబ్బంది లేదు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ల ఖర్చూ ఉండదు.

డబ్బు దగ్గరికొచ్చేసరికి వ్యవహారం కాస్త చిక్కుపడుతుంది. ఏస్ ప్రో విడుదలైనప్పుడు పెట్రోలు రకం రూ.3.99 లక్షలు, కరెంటుది రూ.6.50 లక్షలు. తేడా సుమారు రూ.2.5 లక్షలు. పెట్రోలు బండికి కిలోమీటరుకు ఐదున్నర రూపాయలు, ఇంటి దగ్గర ఛార్జింగ్ చేసుకునే కరెంటు బండికి రెండు రూపాయలు ఖర్చవుతుందని అనుకుందాం. కిలోమీటరుకు మూడున్నర రూపాయలు మిగులుతాయి. ఆ తేడా పూడాలంటే 70,000 కిలోమీటర్లకు పైగా తిరగాలి. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే బండికి మూడేళ్లు పడుతుంది. 40 కిలోమీటర్లే తిరిగే బండికి ఆరేళ్లు. అప్పు మీద వడ్డీ దీనికి అదనం. 2025 సెప్టెంబరులో సరుకు వాహనాల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. కరెంటు బండ్ల మీద 5 శాతం అలాగే ఉంది. అంటే పన్నులో వాటికున్న మొగ్గు కొంత తగ్గినట్టే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎక్కువ తిరిగేవాడికే కరెంటు బండి లాభం. కానీ బ్యాటరీ మధ్యలో అయిపోతుందేమోనన్న భయం కూడా ఎక్కువ తిరిగేవాడికే. కంపెనీ చెప్పే 155 కిలోమీటర్లు పరీక్షా పరిస్థితుల్లో వచ్చే అంకె. నిండు లోడు, ఎగుడుదిగుడు దారి, మే నెల ఎండ కలిస్తే అది తగ్గుతుంది. నిబంధనకు మించి బరువు ఎక్కిస్తే మరీ తగ్గుతుంది. డీజిల్ బండి అధిక లోడును కమాన్ పట్టీల మీద చూపిస్తే, కరెంటు బండి బ్యాటరీ మీటరు మీద చూపిస్తుంది.

అమెరికా అనుభవం కూడా ఇదే. ఫోర్డ్ 2022లో తెచ్చిన కరెంటు పికప్ ఎఫ్-150 లైట్నింగ్‌కు పెద్ద ట్రైలర్ తగిలిస్తే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుందని అక్కడి పరీక్షల్లో తేలింది. పూర్తి కరెంటుతో నడిచే ఆ మోడల్‌కు స్వస్తి పలుకుతున్నట్టు, తర్వాతి రకంలో బ్యాటరీని నింపే పెట్రోలు జనరేటర్ పెడతామని 2025 డిసెంబరులో కంపెనీ ప్రకటించింది. బోయినపల్లి డ్రైవరు, టెక్సాస్ రైతు ఎన్నడూ కలుసుకోకపోయినా బరువు విషయంలో వారి సందేహం ఒకటే.

ఛార్జింగ్ ఎక్కడన్నది మరో ప్రశ్న. రాత్రి ఇంటి దగ్గర ప్లగ్ పెట్టుకోవచ్చన్న మాట సొంతిల్లు, సొంత పార్కింగ్ ఉన్నవారికి వర్తిస్తుంది. బస్తీలో అద్దె గదిలో ఉంటూ బండిని రోడ్డు పక్కన నిలిపే డ్రైవరుకు ప్లగ్ ఎక్కడుంది? బయట ఫాస్ట్ ఛార్జింగ్‌కు వెళ్తే యూనిట్ ధర ఇంటి ధరకు రెట్టింపు పడొచ్చు. అప్పుడు కిలోమీటరుకు మిగిలేది రూపాయిన్నరే. డీజిల్ ఐదు నిమిషాల్లో నిండుతుంది, బ్యాటరీకి గంటకు పైనే పట్టొచ్చు. ఆ గంటలో ఓ కిరాయి చేజారిపోవచ్చు.

వీటన్నిటికన్నా పెద్ద బెరుకు అమ్మకం విలువది. ఐదేళ్లు వాడిన బొలెరోకు ఎంత వస్తుందో అడ్డా మీద ఎవరిని అడిగినా చెబుతారు. ఐదేళ్లు వాడిన బ్యాటరీ బండి ధర చెప్పగల మార్కెట్ ఇంకా రూపుదిద్దుకోలేదు. అప్పిచ్చే సంస్థలదీ అదే సందేహం కాబట్టి కరెంటు బండికి వడ్డీ, డౌన్‌పేమెంట్ విషయంలో బిగదీస్తుంటాయి. చిన్న డ్రైవరుకు ఆ బండే పొదుపు, అదే బిడ్డ పెళ్లికి ఆసరా. దాని విలువ తెలియకపోతే అతను ముందుకు రాడు.

రెండు రకాల కొనుగోలుదారులు

ఏస్ ఈవీని ఆవిష్కరించిన రోజునే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ వంటి సంస్థలతో 39,000 బండ్ల సరఫరాకు అవగాహన కుదిరిందని టాటా ప్రకటించింది. ఆ సంస్థలకు కరెంటు బండి ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. రూటు ఖాయం, దూరం ఖాయం, సాయంత్రానికి బండి గోడౌన్‌కే తిరిగొస్తుంది. ప్లగ్ అక్కడే ఉంటుంది. లోడు తేలిక. అడ్డా మీది ఓనర్ కమ్ డ్రైవరుకు ఇవేవీ ఖాయం కాదు. పొద్దున మేడ్చల్ అన్న కిరాయి మధ్యాహ్నానికి సిద్దిపేట కావచ్చు. కాబట్టి కరెంటు బండి ముందుగా జీతానికి నడిపే డ్రైవర్ల చేతికి వచ్చింది. సొంత బండివారు ఇంకా గట్టు మీదే నిలబడి చూస్తున్నారు.

వాళ్లను దింపడానికి సబ్సిడీ ఒక్కటే దారి కాదని ఢిల్లీ చూపించింది. 2021లో అక్కడి ప్రభుత్వం సుమారు 250 రోడ్ల మీద సరుకు వాహనాలకున్న నో ఎంట్రీ వేళల నుంచి తేలికపాటి కరెంటు వాహనాలను మినహాయించింది. మిగతా బండ్లు గేటు బయట ఆగే వేళల్లో ఇవి తిరగొచ్చు. అంటే రోజుకు ఒకటి రెండు ట్రిప్పులు ఎక్కువ. డ్రైవరుకు వెంటనే అర్థమయ్యే భాష ఇదే. తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన విధానంలో తేలికపాటి సరుకు వాహనాలు సహా కరెంటు బండ్లకు 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రద్దు చేసింది. ఇది కొనేనాటి భారాన్ని తగ్గిస్తుంది. ట్రిప్పుల సంఖ్యను పెంచదు.

మధ్యలో జారిపోయినవారు

కేంద్రం చూపు ఈ తరగతి మీద సరిగా ఆనలేదనే చెప్పాలి. ట్రక్కు డ్రైవర్ల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేస్తూ తెచ్చిన నిబంధన 2025లో అమల్లోకి వచ్చింది. అది ఎన్2, ఎన్3 తరగతులకే, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన వాహనాలకే వర్తిస్తుంది. ఏస్, దోస్త్, చిన్న బొలెరో ఎన్1లోకి వస్తాయి. మే నెలలో ఇంజన్ మీద కూర్చున్నట్టుండే క్యాబిన్‌లో రోజంతా గడిపే డ్రైవరుకు ఏసీ కావాలంటే అదనంగా డబ్బు పెట్టి ఆ రకం బండి కొనుక్కోవాలి. జీతగాడైతే ఓనర్ దయ.

సబ్సిడీ కథా అదే. 2024లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మూడు చక్రాల కరెంటు ఆటోలకు చోటు దక్కింది. పెద్ద కరెంటు ట్రక్కులకు గరిష్ఠంగా రూ.9.6 లక్షల దాకా ప్రోత్సాహం ప్రకటించారు. అవీ ఎన్2, ఎన్3లే. కింద ఆటోకు దక్కింది, పైన లారీకి దక్కింది, మధ్యలోని చిన్న పికప్‌కు దక్కలేదు. మూడో చక్రం నుంచి నాలుగో చక్రానికి ఎదగాలనుకున్నవాడికి సాయం సరిగ్గా ఆ మెట్టు మీదే ఆగిపోయింది. ఈ వర్గానికి ఇటీవల దక్కిన స్పష్టమైన ఊరట సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చని రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. ప్రమాదం జరిగినప్పుడు ఈ సాకు చూపి బీమా ఎగ్గొట్టే దారి మూసుకుపోయింది.

బండి ఇస్తే చాలా?

బండి కన్నా పని ముఖ్యమని చెప్పే ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఇంటింటికీ రేషన్ చేర్చడానికి అప్పటి ప్రభుత్వం 2021 జనవరిలో 9,260 మినీ ట్రక్కులను ప్రారంభించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు 60 శాతం సబ్సిడీతో ఇచ్చిన బండ్లవి. సబ్సిడీ కన్నా వాటికున్న పెద్ద బలం నెలనెలా ఖాయంగా వచ్చే ఆదాయం. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి పంపిణీ తిరిగి రేషన్ దుకాణాలకు వెళ్లింది. ఏ విధానం మంచిదన్న చర్చ వేరు. వేల కుటుంబాలకు మాత్రం ఒక్కసారిగా బండి ఉంది, లోడు లేదు. రేషన్ పంపిణీకి తగ్గట్టు అరలు, కాటా బిగించిన బాడీని అడ్డా మీద నిలబెట్టి కిరాయిలు వెతుక్కోవాల్సిన పరిస్థితి.

కంపెనీలు, ప్రభుత్వాలు కరెంటు పికప్‌ను ఎక్కువగా బ్యాటరీ సమస్యగా చూస్తున్నాయి. డ్రైవరు దాన్ని రోజువారీ పని సమస్యగా చూస్తున్నాడు. మార్కెట్ యార్డుల్లో, గోడౌన్ల దగ్గర ఛార్జర్లు పెడితే సరుకు దించే గంటలోనే బ్యాటరీ నిండుతుంది, ఆ గంట వృథా కాదు. పాత బ్యాటరీని ఇంత ధరకు వెనక్కి తీసుకుంటామని కంపెనీ రాతపూర్వకంగా చెబితే అప్పిచ్చేవాడి చేయి కాస్త వదులవుతుంది. మండల కేంద్రంలోని మెకానిక్‌కు శిక్షణనిస్తే భయం సగం తగ్గుతుంది. కొత్త టెక్నాలజీ కనిపెట్టకుండానే ఇవన్నీ చేయొచ్చు.

బోయినపల్లిలో తెల్లవారేసరికి బండ్లు ఒక్కొక్కటిగా కదులుతాయి. నాలుగో చక్రంతో పెళ్లి సంబంధం కుదురుతుందని ఇరవై ఏళ్ల కిందట నమ్మిన తరం ఇప్పుడు కొడుకుల చేతికి తాళాలిస్తోంది. ఆ కొడుకులు ఫోన్లలో కరెంటు బండ్ల వీడియోలు చూస్తారు, ధరలు పోల్చుకుంటారు. డీజిలా, కరెంటా అన్న వాదన అడ్డా మీద టీ తాగినంతసేపు నడుస్తుంది. టీ గ్లాసు కింద పెట్టాక మాత్రం అందరి నోటా వచ్చేది ఒకటే ప్రశ్న, రేపు లోడు ఉందా అని.